పాఠము: మనకు రావలసిన సొమ్మును విడిచిపెట్టవద్దు



తెలుగు చిత్రరంగము హైదరాబాదుకు తరలిపోయినను, కోడంబాక్కంలో ఎడిటింగు, డబ్బింగు, పాట, మాట, దుస్తుల పనులను నమ్ముకొని నిలిచిన తెలుగు కుటుంబములు ఇంకను ఉన్నవి. వీరికి చెక్కు వచ్చునప్పుడు కొంత సొమ్ము తగ్గి వచ్చును. అడిగినయెడల "టీడీఎస్ పట్టుకొన్నాము" అందురు. మనము "పన్ను కట్టినట్లే గదా" అనుకొని మరచిపోవుదుము. ఆ మరచిపోయిన సొమ్మును గూర్చియే నేటి పాఠము.

1. పట్టుకొన్నది వేరు, కట్టవలసినది వేరు

వృత్తి ఫీజు చెల్లించు కంపెనీ సాధారణముగా నూటికి 10 రూపాయలు పట్టుకొని ప్రభుత్వమునకు జమచేయును. పాన్ నంబరు ఇవ్వనివారికి 20 పట్టుకొందురు. ఇది ముందుగా తీసికొన్న సొమ్మే గాని, లెక్క తేలిన పన్ను కాదు.

ఒక ఎడిటరుకు 2025-26 సంవత్సరములో రెండు కంపెనీల నుండి 5,00,000 రూపాయల ఫీజు వచ్చినదనుకొందము. అందులో 50,000 పట్టుకొన్నారు. వేరే ఆదాయము లేదు. క్రొత్త పన్ను విధానములో ఆ సంవత్సరమునకు 12 లక్షల వరకు ఆదాయముపై రాయితీ యున్నది గనుక అతడు కట్టవలసిన పన్ను సున్న. ఆ 50,000 అంతయు అతనిదే. అయితే రిటర్ను వేయనిదే అది తిరిగి రాదు. "పన్ను లేదు గనుక రిటర్ను అక్కరలేదు" అనుకొనుటయే మన పొరపాటు.

2. పెద్దల డిపాజిట్లు

బ్యాంకు వడ్డీపై కూడ ఇట్లే పట్టుకొందురు. పన్ను పడని పెద్దలు సంవత్సరారంభములోనే తగిన ధృవపత్రము ఇచ్చినయెడల పట్టుకొనరు. మరచినయెడల బ్యాంకు తిరిగి ఇయ్యదు. రిటర్ను ద్వారానే అడుగవలెను.

3. అడుగు విధానము

మొదట ఆదాయపు పన్ను వెబ్‌సైటులో 26ఏఎస్ పట్టిక చూడవలెను. ఎవరు ఎంత పట్టుకొనిరో అందులో కనబడును. పట్టుకొన్నది అందులో లేనియెడల, బహుశః పాన్ తప్పుగా వ్రాసియుందురు. దానిని సరిదిద్దవలసినది కంపెనీయే గనుక వారిని వెంటనే అడుగవలెను. తరువాత బ్యాంకు ఖాతాను ఆ వెబ్‌సైటులోనే ధృవీకరించి, రిటర్ను వేసి, 30 దినములలో దానిని కూడ ధృవీకరించవలెను. ధృవీకరణ లేనిది వేయనట్లే.

4. గడువు

గడువు ఫారమును బట్టి మారును. ఏటేట ప్రకటన చూచుకొనవలెను. సకాలములో వేసినవారికి రీఫండుపై సాధారణముగా నెలకు అర శాతము వడ్డీ వచ్చును. ఆ వడ్డీని మరుసటి లెక్కలో చూపవలెను. గడువు తప్పినను డిసెంబరు 31 వరకు వేయవచ్చును. ఆదాయమును బట్టి 5,000 వరకు రుసుము పడవచ్చును. అదియు దాటినయెడల ఆలస్యమును మన్నించుమని కారణముతో అర్జీ పెట్టుకొనవలెను. 2024 అక్టోబరు 1న వచ్చిన ఉత్తర్వు ప్రకారము ఇట్టి అర్జీకి అసెస్‌మెంటు సంవత్సరము ముగిసిన తరువాత అయిదేండ్ల హద్దు పెట్టిరి. ఇంటి పెద్ద మరణించినయెడల వారసులు కూడ అడుగవచ్చును.

5. ఒక హెచ్చరిక

"మీకు పెద్ద రీఫండు తెప్పింతుము" అని, ఇయ్యని విరాళమును, కట్టని అద్దెను రిటర్నులో వ్రాయువారున్నారు. పట్టుబడినయెడల జరిమానా మనదే. మనది మనము అడుగుదము; మనది కానిది అడుగవద్దు.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. గత సంవత్సరము మన ఇంటిలో ఎవరి సొమ్ములోనైన టీడీఎస్ పట్టుకొనిరా?
2. మన 26ఏఎస్ పట్టికను ఎన్నడైన చూచితిమా?
3. వెబ్‌సైటు చూడలేని పెద్దలు, విధవరాండ్రు మన సంఘములో ఎవరున్నారు? ఒక సాయంకాలము వారి ప్రక్కన కూర్చుండి సహాయపడగల యౌవనస్థులు ఎవరు?