ముట్టుకునే ముందు అడగాలి



బేతెస్ద కోనేటి దగ్గర 38 ఏండ్లుగా పడి ఉన్న రోగిని చూచినప్పుడు యేసు ప్రభువు మొదట అతన్ని ఒక ప్రశ్న అడిగారు. బాగుపడాలని నీకు ఉన్నదా అని. అన్నేండ్లు పడి ఉన్నవాడికి బాగుపడాలని ఉండదా, అది కూడా అడగాలా అని నర్సింగ్ స్కూల్లో ఉన్నప్పుడు అనుకునేదాన్ని. వార్డులో పనిచేసిన తరువాతే ఆ ప్రశ్న నాకు అర్థమైంది.

ఈ నెల పాఠం ఫిజియోథెరపిస్టుల వృత్తి ధర్మం గురించి. అది వాళ్ళు చదువుకోవలసినది కదా, మాకెందుకు అనుకోకండి. డాక్టరుగారు రౌండ్సులో మీ దగ్గర ఉండేది కొద్ది నిమిషాలు. ఫిజియోథెరపిస్టు అరగంట ఉంటారు. మీ నడుము, తొడ, భుజం వారి చేతుల్లో ఉంటాయి. అందువల్ల వారు ఎలా నడుచుకోవాలో రోగికీ, ఇంటివారికీ తెలిసి ఉండాలి.

నేను స్టాఫ్ నర్సుగా ఉన్న రోజుల్లో, వేరొక ఊరి ఆస్పత్రిలో, కుడివైపు పక్షవాతం వచ్చిన ఒక పెద్దావిడ ఉండేది. మాట పడిపోయింది. ఫిజియోథెరపిస్టు కుర్రవాడు పనిమంతుడే. ఉదయం వచ్చి, దుప్పటి తీసి, చీర మోకాలి పైకి జరిపి వ్యాయామం మొదలుపెట్టేవాడు. మంచానికి తెర లేదు. పక్క మంచాల దగ్గర మగ బంధువులు కూర్చుని ఉండేవారు. ఆమె పెనుగులాడేది, ఏడ్చేది. "అమ్మకు బద్ధకం, బలవంతంగానైనా చేయించండి" అని కొడుకు అనేవాడు. నేనేమో కేస్ షీటులో "పేషెంటు సహకరించడం లేదు" అని రాశాను. పది రోజులు అలాగే గడిచాయి.

చివరకు కనిపెట్టింది వార్డు ఆయమ్మ. "సిస్టరమ్మా, ఆమె చెయ్యి అబ్బాయిని తొయ్యడం లేదు, చీర కిందికి లాక్కుంటోంది చూడండి" అన్నది. డ్రెస్సింగ్ గది నుండి మడత తెర తెచ్చి అడ్డం పెట్టాము. వదులు పైజామా తొడిగాము. ఆ అబ్బాయి కుర్చీ వేసుకుని ఎదురుగా కూర్చుని, ఏమి చేయబోతున్నాడో తన కాలి మీద చేసి చూపించి, "చేద్దామా అమ్మా?" అని అడిగాడు. ఆమె తల ఊపింది. కొన్ని వారాలకు కర్ర పట్టుకుని నడిచింది. కాని ఆ పది రోజుల్లో సరిగా కదలికలేక భుజం బిగుసుకుపోయింది. ఆ చెయ్యి తల వరకు లేవనే లేదు. కొడుకును అనవలసిన పని లేదు, కేస్ షీటులో రాసినది నేనే.

1951లో ఏర్పడిన ప్రపంచ ఫిజియోథెరపీ సంస్థ నైతిక సూత్రాలలో కూడా ఈ విషయం ఉంది. ఏమి చేస్తారో, ఎందుకు చేస్తారో, నొప్పి ఉంటుందా, వేరే మార్గం ఉన్నదా, ఇవన్నీ మీకు తెలిసే మాటల్లో చెప్పి మీ ఒప్పుదల తీసుకోవాలి. అడ్మిషన్ రోజు సంతకం పెట్టారు కాబట్టి ఇక అడగనక్కరలేదు అనడం తప్పు. నిన్న సరే అన్నవారు ఈ రోజు వద్దనవచ్చు, మధ్యలో ఆపమనవచ్చు. మాట రానివారిని సైగతో అడగాలి. అవసరమైనంత మేరకే బట్ట తొలగించాలి, మిగిలినది కప్పి ఉంచాలి. స్త్రీలు తోడుగా మరొక స్త్రీ ఉండాలని కోరితే ఏర్పాటు చేయాలి. పిల్లలకు చేసేటప్పుడు తల్లో తండ్రో దగ్గర ఉండాలి.

తన హద్దు తెలిసి ఉండడం కూడా వృత్తి ధర్మమే. ఆపరేషన్ అయినవారికి ఒక పిక్క వాచి, వెచ్చబడి నొప్పిగా ఉంటే దానిని పిసకకూడదు. లోపల రక్తం గడ్డ కట్టి ఉండవచ్చు, వెంటనే డాక్టరుకు చెప్పాలి. షుగరు వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవారికి కాపడం పెట్టే ముందు వేడి, చల్లదనం తెలుస్తున్నాయో లేదో పరీక్షించాలి. లేకపోతే చర్మం కాలినా రోగికి తెలియదు. మీ వంతు కూడా ఉంది. షుగరు, గర్భం, గుండెకు పేస్‌మేకరు ఉంటే దాచకండి. పేస్‌మేకరు ఉన్నవారికి కొన్ని యంత్రాలు ప్రమాదకరం.

నెలలో పరుగెత్తిస్తానని మాట ఇచ్చేవారిని నమ్మకండి. ఇంట్లో చేసుకోగల వ్యాయామం నేర్పకుండా, రోజూ వచ్చి "కరెంటు పెట్టించుకోండి" అని మాత్రమే చెప్పేవారిని ఎందుకని అడగండి. డబ్బు సంగతి ఇంతకంటే చెప్పనవసరం లేదు.

సంఘస్థులకు ఒక మాట. రోగి కోసం ప్రార్థించడం మంచిదే. కాని ఫలానా వారికి ఏమైంది, ఎంతవరకు నడుస్తున్నారు అని ఫిజియోథెరపీ గదిలో వాకబు చేయవద్దు. ప్రార్థనాంశమని చెప్పి అడిగినా, అడిగినవారు పాస్టరుగారైనా, రోగి అనుమతి లేనిదే మా సిబ్బంది చెప్పరు. కోపగించుకోకండి.

2021లో పార్లమెంటు అనుబంధ ఆరోగ్య వృత్తుల కోసం ఒక చట్టం చేసింది. ఫిజియోథెరపీ కూడా దానిలో ఉంది. వృత్తిలో ఉన్నవారి పేర్ల రిజిస్టరు, రాష్ట్ర కౌన్సిల్ ఉండాలని ఆ చట్టం చెబుతుంది. మీకు వైద్యం చేసేవారు బి.పి.టి. చదివారా అని అడగడం అమర్యాద కాదు.

మన ఆస్పత్రిలో తెర లేకుండా, అడగకుండా ఎవరైనా మొదలుపెడితే "ఒక్క నిమిషం ఆగండి" అనండి. అక్కడ చెప్పలేకపోతే వార్డు సిస్టరుకో, నర్సింగ్ ఆఫీసులో నాకో చెప్పండి. చదువు రానివారు నోటితో చెబితే చాలు, నేను రాసుకుంటాను. చెప్పినందుకు మీ వైద్యం ఆగదు.