లెక్క మన చేతిలో ఉంటేనే అంగడి మనది

పాణ్యంలో కర్నూలు–నంద్యాల రోడ్డు పక్కన సిమెంటు, ఇనుము, హార్డ్‌వేరు అమ్మి బతికినవాణ్ణి. సేల్స్ ట్యాక్స్ కాలం చూశాను. 2005 ఏప్రిల్ 1న వ్యాట్ వచ్చింది, 2017 జూలై 1న జీఎస్టీ వచ్చింది. మూడు పద్ధతుల్లోనూ పన్ను కట్టాను. ఇప్పుడు పాణ్యం, నంద్యాల, ఆళ్లగడ్డల్లో కొత్తగా అంగడి పెట్టే పిల్లలు వచ్చి అడిగేది ఒకటే: "పెద్దాయనా, ఈ రిటర్నుల బాధ ఎట్లా తట్టుకోవాలి?" పన్ను శాతం ఎక్కువై మూతపడిన చిన్న అంగడిని నేను చూసింది తక్కువ. తేదీ తప్పిపోయి, నోటీసు చూసుకోక, అవతలివాడు చేయని పనికి తాము డబ్బు కట్టి కుంగిపోయినవాళ్లను చాలామందిని చూశాను. అందుకే ఈ మాటలు రాస్తున్నా.

1. అమ్మకాన్ని చూస్తారు, లాభాన్ని చూడరు

ఆంధ్రప్రదేశ్‌లో సరుకు అమ్మేవాళ్లకు ఏడాది అమ్మకాలు 40 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పదు. సేవలకైతే 20 లక్షలు. సిమెంటు మూట మీద మనకు మిగిలేది కొద్ది రూపాయలే అయినా లెక్కలోకి వచ్చేది మూట పూర్తి ధర. నంద్యాలలో ఒక అంగడి, ఆళ్లగడ్డలో ఇంకొకటి ఒకే పాన్ మీద నడిపితే రెండూ కలిపే చూస్తారు. బేతంచెర్ల బండలు లారీకెత్తి బెంగళూరుకు అమ్మేవాళ్లకు ఆ 40 లక్షల వెసులుబాటు లేదు, మొదటి బిల్లుకే రిజిస్ట్రేషన్ కావాలి. ఆళ్లగడ్డ శిల్పులు ఇంకో సంగతి తెలుసుకోవాలి. రాతి దేవతా విగ్రహాలకు 2018 జూలై నుంచి పన్ను లేదు. అవి మాత్రమే చెక్కి అమ్మితే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. నాయకుల విగ్రహాలూ చెక్కడం మొదలుపెడితే మాత్రం, పరిమితి చూసేటప్పుడు దేవుడి విగ్రహాల అమ్మకం కూడా మొత్తంలో కలుస్తుంది.

2. కాంపోజిషన్ తీసుకునే ముందు మీ గిరాకీ ఎవరో చూసుకోండి

ఏడాది అమ్మకాలు కోటిన్నర లోపు ఉన్న వ్యాపారి కాంపోజిషన్‌లో చేరి అమ్మకాల మీద 1 శాతం కట్టొచ్చు. మూడు నెలలకు ఒకసారి చలానా, ఏడాదికి ఒక రిటర్ను, పని తేలిక. కిరాణా అంగడికి ఇది బాగా కుదురుతుంది. అయితే గిరాకీ దగ్గర పన్ను వసూలు చేయకూడదు, కొన్న సరుకు మీద కట్టిన పన్ను వెనక్కి రాదు, రాష్ట్రం బయటికి అమ్మకూడదు. నా అంగడికి వచ్చేవాళ్లలో కాంట్రాక్టర్లు ఎక్కువ. వాళ్లకు క్రెడిట్, అంటే కొన్నప్పుడు కట్టిన పన్నును తమ పన్నులో తగ్గించుకునే వీలు, ఇచ్చే ట్యాక్స్ బిల్లు కావాలి. అది ఇవ్వలేకపోతే వాళ్లు నేరుగా నంద్యాల పోతారు. అందుకే నేను కాంపోజిషన్ జోలికి పోలేదు. ఇంటివాళ్లకు అమ్మేవాడికి ఒక దారి, వ్యాపారులకు అమ్మేవాడికి ఇంకో దారి.

3. అమ్మకం లేని నెలకూ రిటర్ను వేయాలి

నెలనెలా వేసేవాళ్లకు 11న జీఎస్టీఆర్-1 (అమ్మిన బిల్లుల వివరం), 20న జీఎస్టీఆర్-3బీ (పన్ను కట్టే రిటర్ను). అయిదు కోట్ల లోపువాళ్లు 2021 జనవరి నుంచి మూడు నెలల పద్ధతి ఎంచుకోవచ్చు. అప్పుడు 13న, 22న వేస్తారు, మధ్య రెండు నెలలూ 25లోగా పన్ను మాత్రం కడతారు. చిన్న అంగడికి ఇదే మేలు. మూఢం వచ్చి ఇళ్ల పనులు ఆగి, బేల్దారి మేస్త్రీలు ఖాళీగా ఉన్న నెలలో మనకూ బిల్లులు ఉండవు. అయినా రిటర్ను వేయాల్సిందే. ఆలస్యానికి రోజుకు 50 రూపాయలు, ఏమీ లేని రిటర్నుకైతే 20. దానికి తోడు, కట్టాల్సిన పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ. వరసగా రెండు రిటర్నులు ఆగితే సరుకు రవాణాకు కావాల్సిన ఈ-వే బిల్లు తీయనివ్వరు. 50 వేలు దాటిన లోడు కదలదు. వ్యాపారం లేని నెలకు 14409కి ఎస్సెమ్మెస్ పంపి కూడా రిటర్ను వేయొచ్చు. ఫోన్ ఉంటే చాలు.

4. 14న 2బీ రాగానే తెరవండి

అన్నిటికంటే కడుపు మండించేది ఇదే. డీలరుకు మనం పన్నుతో సహా బ్యాంకు ద్వారా డబ్బు కడతాం. అతను తన రిటర్నులో మన బిల్లు ఎక్కించడు. డీలర్లు ఎక్కించిన బిల్లులతో పోర్టల్‌లో మనకు వచ్చే జాబితానే జీఎస్టీఆర్-2బీ. 2022 జనవరి 1 నుంచి, ఆ 2బీలో కనపడని బిల్లుకు క్రెడిట్ లేదు. అంటే అదే పన్ను మనం రెండోసారి కట్టాలి. అంగళ్లవాళ్లు డీలరుకు ఫోన్లు చేసి చేసి విసిగిపోయింది కళ్లారా చూశాను. నేను పట్టుకున్న దారి ఇది: కొత్త డీలరు జీఎస్టీ నంబరు పోర్టల్‌లో బతికి ఉందో లేదో ముందే చూడటం, 14న 2బీ రాగానే (మూడు నెలల పద్ధతిలో ఉంటే అది మూడు నెలలకు ఒకసారే వస్తుంది) బిల్లులన్నీ సరిపోల్చడం, రాని బిల్లు ఉంటే తర్వాతి లోడు డబ్బులో ఆ పన్ను మేరకు ఆపడం. ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30 దాటితే ఆ క్రెడిట్ పోయినట్టే.

5. అప్పు పద్దుకూ పన్ను తేదీ ఆగదు

మన ప్రాంతంలో రైతు సిమెంటు, రేకులు తీసుకుపోయి శనగలు అమ్మాక డబ్బిస్తానంటాడు. నమ్మి ఇస్తాం, ఇవ్వాలి కూడా. కానీ పన్ను బిల్లు రాసిన నెలకే పడుతుంది. రైతు డబ్బు ఆలస్యమై మనం డీలరుకు ఆలస్యం చేస్తే ఇంకో దెబ్బ ఉంది: బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో డీలరుకు కట్టకపోతే తీసుకున్న క్రెడిట్ వడ్డీతో వెనక్కి కట్టాలి. కాబట్టి అప్పు ఇచ్చేటప్పుడు కనీసం పన్ను మేరకైనా రొక్కం తీసుకోండి. ఆ డబ్బు విడిగా ఒక బ్యాంకు ఖాతాలో వేయండి. ఇంటి ఖర్చులు దాని దరికి రాకూడదు.

6. రేటు మారిన రోజే బిల్లు మార్చండి

2022 జూలై 18న ప్యాక్ చేసిన బియ్యం మీద 25 కిలోల దాకా 5 శాతం వేశారు. అది తప్పించుకునేందుకు వెంటనే 26 కిలోల బస్తాలు వచ్చాయి. 2025 సెప్టెంబరు 22న సిమెంటు 28 నుంచి 18 శాతానికి దిగింది. ఆ రోజు అంగట్లో ఉన్న మూటల మీద 28 శాతం కట్టి ఉన్నాం, అమ్మాల్సింది 18కే. తేడా ఎక్కడికీ పోదు, క్రెడిట్ లెడ్జరులో ఉండి తర్వాతి నెలల పన్నుకు పనికొస్తుంది. ఈ సంగతి తెలియక భయపడి పాత రేటుకే అమ్మితే తప్పు మనదవుతుంది.

7. ఆడిటరు చేతికి పని ఇవ్వండి, తాళం ఇవ్వకండి

ఆడిటరు అవసరమే. కానీ రిజిస్ట్రేషన్‌లో ఉండాల్సింది మీ ఫోన్ నంబరు, మీ ఈమెయిల్. పాస్‌వర్డ్ మీకు తెలిసి ఉండాలి. నోటీసులు ఇప్పుడు పోర్టల్‌లోకే వస్తాయి, ఇంటికి పోస్టుమాన్ తేడు. చూడకపోతే జవాబు గడువు దాటి ఆర్డరు పడుతుంది. ఆ తర్వాత అప్పీలుకు మూడు నెలలే గడువు, వివాదంలో ఉన్న పన్నులో 10 శాతం ముందే కట్టాలి. ఆదాయపన్ను రిటర్నులో చూపే అమ్మకాలు, జీఎస్టీలో చూపినవి ఒకటే ఉన్నాయో లేదో కూడా ఏడాదికోసారి పక్కన కూర్చుని చూడండి. ఆ రెండు శాఖల లెక్కలు ఇప్పుడు ఒకదానికొకటి కనపడతాయి.

ఏలికలకు నా విన్నపం రెండు మాటలు. పన్ను బ్యాంకు ద్వారా చెల్లించినట్టు చూపగలిగిన కొనుగోలుదారు మీద అమ్మినవాడి తప్పు వేయకండి. అమ్మకమే లేని నెలకు ఆలస్య రుసుము తీసేయండి. ఈ రెండూ చేస్తే పల్లెటూరి అంగళ్లకు సగం బాధ తగ్గుతుంది.

అవి జరిగేదాకా, నాయనా, మీ జాగ్రత్త మీదే. ఈసారి 14న ఆడిటరుకు ఫోన్ చేయకముందే మీ 2బీ మీరే తెరిచి, కొన్న బిల్లులతో వరసగా సరిచూసుకోండి.