సర్ కనుమ దాటిన రోజు

మనముండే అల్ ఖూజ్ చదునైన నేల. అరబ్బీలో 'ఖూజ్' అంటే ఇసుకదిబ్బ. ఇప్పుడు ఆ దిబ్బలున్న చోట గిడ్డంగులు, కార్ఖానాలు, మోటారు షెడ్లు, కార్మికుల వసతి గృహాలు వెలిశాయి. ఈ తరగతి పిల్లలలో మంచును చూసినవారు ఎవరైనా ఉంటే, వారు దానిని ఇక్కడికి దగ్గరలోనే, 2005లో తెరిచిన స్కీ దుబాయ్‌లో చూసి ఉంటారు. అక్కడి మంచు యంత్రాలతో చేసినది. ఆకాశం నుంచి రాలే మంచు ఈ దేశంలో బహు అరుదు. 2009 జనవరిలో రాస్ అల్ ఖైమాలోని జబల్ జైస్ కొండ మీద మంచు పడినప్పుడు జనం వింతగా చెప్పుకొన్నారు.

మన తెలుగులో మంచు అనే మాట ఒక్కటే ఎన్నో పనులు చేస్తుంది. గడ్డిపరక మీది నీటిబొట్టు మంచే, తెల్లవారుజామున దారి కనబడకుండా కమ్ముకొనేదీ మంచే, హిమాలయాల మీద పేరుకొని ఉండేదీ మంచే. మనవారికి మూడవది కంటికి కనబడేది కాదు కనుక వేరే మాట అవసరం పడలేదు కాబోలు. ఈ పాఠంలో చెప్పేది ఆ మూడవ మంచును గురించి.

రెండు కొండల నడుమ దాటడానికి వీలుగా కొంచెం పల్లంగా ఉండే చోటును కనుమ అంటారు. (సంక్రాంతి మరునాటి కనుమ పండుగ వేరు.) గిద్దలూరు నుంచి నంద్యాలకు పోయే దారిలో నల్లమల మీద నంది కనుమ ఉన్నది. టిబెట్ భాషలో కనుమను 'లా' అంటారు. అరబ్బీలో 'అఖబా' అన్నా ఏటవాలు కొండదారి అనే అర్థం వస్తుంది. శిఖరం ఎక్కినవాడు ఎక్కిన దారినే దిగివస్తాడు. కనుమకు పోయినవాడు అవతలి లోయలోకి దిగుతాడు. అందుకే బేరగాళ్లు, గొర్రెల కాపరులు, యాత్రికులు శిఖరాలను వదిలి కనుమలనే వెదుక్కొన్నారు.

హిమాచల్ ప్రదేశ్‌లోని కులూ జిల్లాలో పార్వతి అనే నది పారుతున్నది. దాని ఒడ్డున కసోల్ అనే చిన్న ఊరు. ఆ ఊరి పైనున్న కొండలలో సర్ కనుమ ఉన్నది. దాని ఎత్తు సుమారు 13,800 అడుగులు, అనగా 4,200 మీటర్లు. జబల్ జైస్‌కు రెట్టింపు కన్నా ఎక్కువ. అక్కడివారి భాషలో 'సర్' అంటే చెరువు. మన సరస్సుకు చుట్టమే. కనుమ మీద ఒక చిన్న చెరువున్నది. మే నెలలో కూడా అది మంచు కింద దాగి ఉంటుంది.

2016 మే నెలలో మేము ఐదుగురం ఆ కనుమ దాటడానికి బయలుదేరాము. అప్పుడు నేను ప్రకాశం జిల్లాలో ఒక ఉన్నత పాఠశాలలో పనిచేస్తున్నాను. మా బడి లెక్కల మాస్టారు, డ్రిల్లు మాస్టారు, డ్రాయింగు మాస్టారు, మాతో చదువుకొని బ్యాంకులో చేరిన మిత్రుడొకరు నా తోడివారు. ఎండకు పుట్టి ఎండకు పెరిగినవాళ్లకు మంచుకొండలేమిటని ఊళ్లో కొందరు నవ్వారు. అప్పటికి రెండేళ్ల కిందటే, 2014 మే 25వ తేదీన, నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా చర్లకు చెందిన ఆనంద్ కుమార్ ఎవరెస్టు శిఖరం ఎక్కారు. పూర్ణకు అప్పుడు పదునాలుగేళ్లు కూడా నిండలేదు. ఆ పిల్లలు మొదట కొండలెక్కడం నేర్చినది ఎర్రటి ఎండలో, భువనగిరి రాతిగుట్ట మీద. మా డ్రిల్లు మాస్టారు నవ్వినవారికల్లా ఈ సంగతి చెప్పేవారు.

కసోల్ నుంచి కనుమకు ఒక్కరోజులో పోరాదు. ఎత్తుకు పోయేకొద్దీ గాలి పలుచబడుతుంది. సర్ కనుమ మీద మనం పీల్చే ఒక్కొక్క ఊపిరిలో సముద్రతీరాన దొరికే ప్రాణవాయువులో నూటికి అరవై పాళ్లే ఉంటుంది. శరీరం దానికి అలవాటు పడడానికి రోజులు పడుతుంది. అందుకని మొదటి మజిలీ గ్రహణ్ అనే పల్లె. ఆ దారిలో అదే చివరి ఊరు. తరువాతివన్నీ డేరాలే. మూడు రోజులు దేవదారు అడవులలోను, గొర్రెలు మేసే పచ్చిక బయళ్లలోను నడిచి, 12,500 అడుగుల ఎత్తున నగారు అనే చోటుకు చేరాము. పచ్చిక బయలును అక్కడివారు థాచ్ అంటారు. నగారులో పచ్చిక లేదు. రాయి, గాలి, మంచు. రాత్రి నీళ్ల సీసాను తల కిందులుగా నిలబెట్టి పడుకోవాలని మాకు మార్గదర్శి చెప్పాడు. నీరు పైనుంచి గడ్డకడుతుంది కనుక సీసాను తిప్పినప్పుడు మూతి దగ్గర నీరుగానే మిగులుతుంది. చిన్న ఉపాయమే, కాని తెల్లవారుజామున దాని విలువ తెలిసింది.

మరునాటి నడక తెల్లవారుజామున మూడున్నరకు. అంత చీకటిలో ఎందుకని మీరడగవచ్చు. పగటి ఎండకు మంచు పైపొర మెత్తబడుతుంది. రాత్రి చలికి అదే మళ్లీ గట్టిపడి సిమెంటు చపటాలాగా మనిషి బరువును మోస్తుంది. ప్రొద్దెక్కిందా, అడుగు వేసిన కాలు మోకాలి దాకా దిగబడుతుంది. పైగా ఆ కొండలలో మధ్యాహ్నం కాగానే మబ్బులు కమ్మి వడగళ్లు, పిడుగులు పడడం మామూలు. కాబట్టి మంచు కనుమ దాటేవారు కాలాన్ని వెనుక నుంచి లెక్కవేస్తారు: మిట్టమధ్యాహ్నానికి అవతలికి దిగాలంటే తొమ్మిది గంటలకు కనుమ మీద ఉండాలి, అందుకు సూర్యుడు రాకముందే సగం ఎక్కి ఉండాలి.

మూడు గంటలకు టీ ఇచ్చి, నాయకుడు అందరినీ నిలబెట్టి హిందీలో ఒకటే ప్రశ్న అడిగాడు. "తలనొప్పి, వాంతులు ఉన్నవాళ్లు ఇప్పుడే చెప్పండి. పైకి వెళ్లిన తరువాత చెబితే మిమ్మల్ని మోసుకు రావలసి ఉంటుంది."

ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు డ్రాయింగు మాస్టారు మెల్లగా అన్నారు: "లెక్కల మాస్టారు రాత్రి అన్నం తినలేదండీ. రెండుసార్లు వాంతి చేసుకొన్నారు."

లెక్కల మాస్టారికి కోపం వచ్చింది. "అది చపాతీలు పడక వచ్చినది లెండి. మూడేళ్లు డబ్బు కూడబెట్టి ఇంత దూరం వచ్చినది డేరాలో పడుకోవడానికా? కనుమ అదిగో, కనబడుతూనే ఉన్నది కదా!"

"తల నొప్పిగా ఉందా, లేదా?" అని డ్రిల్లు మాస్టారు అడిగారు.

ఆయన కొంతసేపు ఊరకుండి, "ఉంది" అన్నారు.

ఎత్తు ప్రదేశాలలో వచ్చే ఈ జబ్బు బలహీనులకే వస్తుందని చాలామంది అనుకొంటారు. అది నిజం కాదు, వస్తాదులకూ వస్తుంది. తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం, తల తిరగడం దాని గుర్తులు. అవి కనబడినప్పుడు ఇంకా పైకి పోరాదు. తగ్గకపోతే కిందికి దిగడమే మందు. పట్టించుకోకుండా ఎక్కితే ఊపిరితిత్తులలోకో మెదడులోకో నీరు చేరి ప్రాణాల మీదికి వస్తుంది. నాయకుడు ఈ సంగతులు చెప్పి, ఒక మార్గదర్శిని కిందికి పంపుతానన్నాడు. మాలో ఒకరు తోడు వెళ్లవలసి వచ్చింది.

"మీరు ముగ్గురూ నడవండి. నేను మాస్టారితో దిగుతాను" అన్నారు డ్రిల్లు మాస్టారు. మేము తెల్లబోయాము. ఐదుగురిలో బలశాలి ఆయనే. ప్రతిరోజూ ముందుగా డేరా చేరినదీ ఆయనే. నేను వెళ్తానంటే నేను వెళ్తానని మిగతా ముగ్గురమూ అన్నాము. ఆయన ఒప్పుకోలేదు. "నడవలేని మనిషికి తోడుగా బలమున్నవాడు ఉండాలి కాని, అలసినవాడు ఉంటే ఏం లాభమండీ? ఆయన సంచి కూడా మోయాలి కదా" అన్నారు. అంతే, రెండు సంచులూ సర్దుకొన్నారు. ఆయన మాట సరే. కాని నన్నడిగితే ఆ వేళ అందరికన్నా కష్టమైన మాట డ్రాయింగు మాస్టారిదే. ఆ మాటకు లెక్కల మాస్టారు ఆయనతో పలకకుండానే దిగిపోయారు.

మేము ముగ్గురం మిగతా బృందంతో ఎక్కసాగాము. ముందు నడిచే మార్గదర్శులు బూటు మొనతోను, మంచుగొడ్డలితోను గుంటలు చేస్తారు. వెనుకవారు ఆ గుంటలలోనే అడుగు పెట్టాలి. చేతిదీపాల వరుస కొండ మీద పాకుతున్నట్లుండేది. మాటలు లేవు, బూట్ల కింద మంచు కరకరలాడే చప్పుడు, ఊపిరి చప్పుడు తప్ప. వీపు మీద తొమ్మిది కిలోల సంచి. బరువైన వస్తువులు వీపుకు ఆనుకొనేటట్లు సర్దుకొంటే సంచి వెనుకకు లాగదు. అడుగుకొక ఊపిరి చొప్పున నడిచాము. వరుసలో ఎవరు మెల్లగా నడుస్తారో వారిని ముందు పెడతారు. మొదట ఇది నాకు విడ్డూరంగా తోచింది. వెనుక పెడితే అలాంటివారు ఎప్పుడూ ఉరుకుతూనే ఉండాలి. అందరూ ఆగి సేదతీరి, వారు రాగానే మళ్లీ బయలుదేరుతారు. వారికి విశ్రాంతి ఉండదు.

ఐదున్నరకు వెలుతురు వచ్చింది. అందరమూ నల్లకళ్లద్దాలు పెట్టుకొన్నాము. కొత్త మంచు తన మీద పడిన వెలుగులో నూటికి ఎనభై పాళ్లకు పైగా తిరిగి పంపుతుంది. అద్దాలు లేకుండా కొన్ని గంటలు నడిస్తే కళ్లలో ఇసుక పోసినట్లై, చూపు తాత్కాలికంగా మందగిస్తుంది. ఎనిమిదింటికి నా కాలు మొదటిసారి దిగబడింది. అలాంటప్పుడు కాలు గుంజరాదు. బూటు లోపలే ఉండిపోతుంది. చుట్టూ మంచు తవ్వుకొని మెల్లగా తీసుకోవాలి. బూటులోకి మంచు పోయి కరిగింది. నాకు మనుచరిత్రలోని ప్రవరుడు గుర్తుకు వచ్చాడు. అల్లసాని పెద్దన కావ్యంలో ప్రవరుడు సిద్ధుడిచ్చిన పసరు కాళ్లకు పూసుకొని హిమాలయానికి ఎగిరి వెళ్తాడు. మంచునీటికి ఆ పసరు కరిగిపోయి, ఇల్లు చేరే దారి లేక నిలిచిపోతాడు. పెద్దన ఆ కొండలను చూశాడో లేదో కాని, మంచులో ముందు మోసపోయేవి కాళ్లేనన్న సంగతి సరిగ్గా పట్టుకొన్నాడు. నా దగ్గర పసరు లేదు. ఉన్ని మేజోళ్లు ఇంకొక జత ఉన్నాయి. మార్చుకొన్నాను.

తొమ్మిదికి పది నిమిషాల ముందు కనుమ మీద నిలబడ్డాము. ఇటు మేము వచ్చిన లోయ, అటు దిగవలసిన లోయ. చుట్టూ తెల్లని కొండలు వరుస వెనుక వరుసగా ఉన్నాయి. చెరువు ఎక్కడ అంటే, "మనం దాని పక్కనే ఉన్నాము" అన్నాడు మార్గదర్శి. తెల్లని బల్లపరుపు మంచు తప్ప ఏమీ కనబడలేదు. చెమట చల్లబడి వణుకు పుట్టింది. బ్యాంకు మిత్రుడు ఇంటినుంచి తెచ్చిన వేరుసెనగ ఉండలు ఐదు మిగిలాయి. రాళ్లలా గట్టిపడిన వాటిలో మూడు తిని, రెండు మళ్లీ కట్టి సంచిలో పెట్టాడు. పావుగంట కన్నా అక్కడ ఎవరూ నిలువలేదు.

దిగడం వేరే విధం. అవతలి వాలులో మంచు మీద కూర్చుని జారాలి. కాళ్లు రెండూ ముందుకు చాపి, మోకాళ్లు కొంచెం వంచి, వేగం ఎక్కువైతే మడమలు గుచ్చి ఆపుకోవాలి. కింద మార్గదర్శులు నిలబడి ఉన్నారు. జారే దారి చివర కనబడనిదే జారరాదని వారి నియమం. చివర బండలుండవచ్చు, వాగు ఉండవచ్చు. గంటలు పట్టి ఎక్కిన ఎత్తులో ఒక పెద్ద భాగాన్ని మూడు నాలుగు నిమిషాలలో దిగిపోయాము. డ్రాయింగు మాస్టారి ప్యాంటు వెనుక భాగం చిరిగిపోయింది. ఆయన ఆ రోజు నవ్వినది అప్పుడొక్కసారే.

పన్నెండు గంటలు దాటగానే, అనుకొన్నట్లే, వెనుక కనుమను మబ్బు కప్పేసింది. మేము అప్పటికి బిస్కేరి థాచ్ పచ్చికలో బూట్లు ఆరబెట్టుకొంటున్నాము. డేరాలో వంటమనిషి ప్రెషర్ కుక్కరులో పప్పు ఉడికిస్తున్నాడు. పైకి పోయేకొద్దీ నీరు తక్కువ వేడికే మరుగుతుంది. సర్ కనుమ మీద దాదాపు 86 డిగ్రీలకే. మామూలు గిన్నెలో ఎంతసేపు మరిగినా అక్కడ పప్పు ఉడకదు.

రెండు రోజుల తరువాత మణికరణ్ చేరాము. అక్కడి వేడినీటి బుగ్గలలో బియ్యం మూటగట్టి వేసి అన్నం వండుతారు. అక్కడినుంచి కసోల్ నాలుగైదు కిలోమీటర్లే. వసతి ముందర లెక్కల మాస్టారు, డ్రిల్లు మాస్టారు కుర్చీలు వేసుకొని కూర్చున్నారు. నగారు నుంచి పదిహేను వందల అడుగులు దిగేసరికే తలనొప్పి పోయిందట, ఆ సాయంత్రమే ఆకలి వేసిందట. బ్యాంకు మిత్రుడు పొట్లం విప్పి ఉండలు రెండూ వారికిచ్చాడు. లెక్కల మాస్టారు తన దానిని రెండుగా విరిచి, ఒక ముక్క డ్రాయింగు మాస్టారికి ఇచ్చి, "ప్యాంటు ఏమైందండీ?" అని అడిగారు.