త్రోవలో ఆగిన బండి

పాఠ్యభాగము: అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయము. ఇంటివారందరు కూడియున్నప్పుడు ఒకరు దీనిని బిగ్గరగా చదువవలెను. పిమ్మట ఈ క్రింది మాటలు చదువుకొనుడి.



కోతలు, నూర్పులు ముగిసి, క్రిస్మసు పండుగయు క్రొత్త సంవత్సర ఆరాధనయు గడచిన తరువాత, మన సంఘములలోని కుటుంబములు బండి కట్టించుకొని మారేడుమిల్లికో, లంబసింగికో, అరకుకో పోయి, ఒకటి రెండు రాత్రులు గుడారములో నిద్రించి వచ్చుట ఇటీవల వాడుకైనది. దీనిని తప్పు పట్టువారున్నారు. మేము పట్టము. సంవత్సరమంతయు పొలములోను వంటయింటిలోను ఒంగిన నడుము రెండు దినములు కొండగాలికి నిలువబడుట మంచిదే. పౌలుగారి వృత్తి గుడారములు కుట్టుట అని 18వ అధ్యాయములో చదువుచున్నాము గదా. గుడారములో పండుకొనువారిని ఆయన ఆక్షేపించునని మాకు తోచదు.

అయితే త్రోవలో బండి ఆగిపోయినప్పుడు ఏమి చేయవలెనో మనకెవరును నేర్పలేదు. మేము 2023 జనవరిలో నేర్చుకొంటిమి, సిగ్గుపడి నేర్చుకొంటిమి.

ముందుగా అధ్యాయమును చూతము. ఓడ మంచిరేవులు అను స్థలమున నిలిచియున్నది. ఉపవాసదినము గడచిపోయినది, అనగా సముద్రముమీద ప్రయాణమునకు తగిన కాలము దాటినది. ఈ ప్రయాణమువలన సరకులకు, ఓడకు, ప్రాణములకు కూడ నష్టము కలుగునని పౌలు హెచ్చరించెను. శతాధిపతి ఆ ఖైదీ మాట వినక, నావికుని మాటయు ఓడ యజమానుని మాటయు నమ్మెను. అంతలో దక్షిణపు గాలి మెల్లగా విసరెను. ఇక తమ ఆలోచన నెరవేరినట్లే అని తలంచి లంగరు ఎత్తిరి. ఊరకులోను అను పెనుగాలి తరువాత వచ్చినది. పిల్లలను అడిగినయెడల ఆ గాలియే ఓడను చెరిపినదని చెప్పుదురు. 9 మొదలు 13 వరకు గల వచనములను మరల చదివించి, ఆపద ఎక్కడ మొదలైనదో వారినే చెప్పనియ్యుడి.

మా మంచిరేవులు మా ఊరి మెకానిక్కు దుకాణము. నవంబరు మాసములో మా పాత జీపునకు నూనె మార్పించుటకు పోగా, ఆ మెకానిక్కు ఫ్యాను బెల్టును వ్రేలితో మెలిపెట్టి చూపి, "అయ్యగారూ, లోపలివైపు పగుళ్లు వచ్చాయి. కొండ ఎక్కే పని ఉంటే మార్పించండి" అనెను. పండుగ ఖర్చులున్నవి, తరువాత చూతములెమ్మని వచ్చితిమి. అది కొన్ని వందల రూపాయల పని. అదే వారములో గుడారము కొనుటకు అంతకు ఎన్నో రెట్లు పెట్టితిమి. మెకానిక్కు చెప్పిన మాట మాత్రము ఇంటిలో ఎవరికిని చెప్పలేదు.

జీపులో ఆరుగురము బయలుదేరితిమి: మేము, మా భార్య, ఇద్దరు పిల్లలు, మా తల్లి, మా బావమరిది. బండి నడుపువాడు అతడే. రాజమహేంద్రవరమునుండి మారేడుమిల్లి సుమారు 85 కిలోమీటర్లు. రంపచోడవరము దాటిన తరువాత అడవి దట్టమగును. మేము గుడారము వేయవలసిన తావు మారేడుమిల్లి ప్రక్కనే కలదు. అక్కడికి చేరుసరికి సాయంకాలము నాలుగు గంటలైనది. బావమరిది, "బావగారూ, సామాను దించేసి, కాస్త ఆగి వెళ్దాం. బండి బరువుగా ఉంది" అనెను. మేము వినలేదు. ఎండ చల్లగా నున్నది, గాలి హాయిగా నున్నది. చింతూరు వైపు ఘాటురోడ్డు కొంత దూరము చూచి వత్తమంటిమి. దక్షిణపు గాలి మెల్లగా విసరెను.

మలుపులు ఎక్కుచుండగా ముందరి పలకమీద బ్యాటరీ గుర్తు ఎఱ్ఱగా వెలిగెను. వెంటనే వేడిని చూపు సూది పైకి లేవసాగెను. ఈ రెండును కలిసి వచ్చినప్పుడు బండిగలవారు ముందుగా బెల్టును అనుమానింపవలెను. మా జీపువంటి బండ్లలో ఆ ఒక్క బెల్టే బ్యాటరీకి విద్యుత్తునిచ్చు యంత్రమును, గాలిపంకాను, నీటిని త్రిప్పు పంపును నడుపును. అది తెగిన తరువాత బండి ఇంకను కదలుచునే యుండును, గనుక ఇంకొక కిలోమీటరు పోవచ్చునని మనస్సు చెప్పును. ఆ కిలోమీటరులోనే ఇంజను పైభాగము వంకరపోయి, కొన్ని వందలతో పోవలసిన పని వేలకొలది రూపాయలు కోరును. మా బావమరిది అట్లు చేయలేదు. రెండు మలుపులనుండియు కనబడునంత వెడల్పైన చోటు రాగానే ఎడమప్రక్కకు తీసి ఆపెను. ముందుమూత సందులనుండి ఆవిరి లేచెను.

ఇక్కడ మేము చేసినది వ్రాయుట కష్టము. మా తల్లియెదుట, పిల్లలయెదుట అతనిని కేకలువేసితిమి. గేరు సరిగా వేయక ఇంజను కాల్చినావంటిమి. చేతకానివానికి బండి ఇచ్చుట మాది తప్పంటిమి. అతడేమియు అనలేదు. ముందుమూత ఎత్తి, మేమే సరిచేయుదుమన్నట్లు రేడియేటరు మూతమీద చేయి వేయబోగా, అతడు మా మణికట్టు పట్టుకొని ఆపెను.

ఈ సంగతి ప్రతి ఇంటివారును నేర్చుకొనవలెను గనుక వివరముగా చెప్పుచున్నాము. నీరు 100 డిగ్రీలకు మరగునని బడిలో చదివితిమి. రేడియేటరులో నీరు గట్టి మూతక్రింద ఒత్తిడితో నుండును గనుక దాదాపు 120 డిగ్రీల వరకు మరగక నిలువగలదు. మూత త్రిప్పగానే ఒత్తిడి పోవును. అంతవరకు అణగియున్న నీరంతయు ఒక్క క్షణములో మరగి ముఖముమీదికి చిమ్మును. కండ్లు పోయినవారున్నారు. గనుక ఇంజను ఆర్పి, అరగంటకు తక్కువ కాకుండ ఆగవలెను. పై గొట్టము చేతికి చల్లగా తగిలి, నొక్కిన మెత్తగా నున్నప్పుడు మాత్రమే, దళసరి గుడ్డ వేసి, ముఖము ప్రక్కకు త్రిప్పుకొని, మూతను కొంచెముగా సడలించి ఆవిరి పోనిచ్చి, తరువాత తీయవలెను. కాగిన ఇంజనులో చన్నీళ్లు పోయకూడదు; కాలిన పెనముమీద నీళ్లు చల్లినట్లే ఇనుము పగులును.

ఆ అరగంటలో చేయవలసిన పనులు వేరే యున్నవి. బావమరిది చేతిబ్రేకు వేసి, గేరులో ఉంచి, వెనుక చక్రములకు రెండు పెద్దరాళ్లు అడ్డుపెట్టెను. నాలుగు మూలల దీపములు మిణుకుమిణుకుమనునట్లు వేసి, వెనుక యాభై అడుగుల దూరమున మలుపునకు ముందు పచ్చని కొమ్మలు నరికి పెట్టెను. ఎఱ్ఱ త్రికోణపు పలక యున్నవారు దానినే పెట్టవలెను. మాది ఇంటిలో మంచముక్రింద నున్నది. ఆగిన బండిలో ఎవరును కూర్చుండరాదు, దాని వెనుక నిలువరాదు. మా వారందరిని రోడ్డుకు దూరముగా కొండవైపు గట్టుమీద కూర్చుండబెట్టితిమి. అప్పుడు లెక్కించి చూడగా చిన్నవాడు లేడు! బాలుడైన యేసు గుంపులో ఉన్నాడని తలంచి ఒక దినపు ప్రయాణము నడచిపోయిన మరియ యోసేపుల సంగతి లూకా 2వ అధ్యాయములో నున్నది. అంత భక్తిగల తలిదండ్రులే పొరబడిరి. మావాడు జీపు అవతల కోతులను చూచుచుండెను. బండి దిగినప్పుడు ఒకసారి, ఎక్కినప్పుడు ఒకసారి తలలు లెక్కించుట అప్పటినుండి మా ఇంటి నియమము.

సెల్‌ఫోనుకు ఆ ఘాటులో సంకేతము అందలేదు. అందినయెడల 112కు పిలువవచ్చును. జాతీయ రహదారిమీదనైతే 1033 కలదు. ఏ నంబరుకైనను మొదట చెప్పవలసినది కిలోమీటరు రాయిమీది అంకె. బండి ఆగకముందే దారిలోని రాళ్లు చూచుచు పోవువానికే అది తెలియును. కొందరు బెల్టునకు బదులు త్రాడు కట్టి పోవచ్చునందురు. ఘాటులో మేము దానిని నమ్మము.

చివరకు ఒక లారీ ఆగినది. డ్రైవరు తెగిన బెల్టును చూచి, ఒకరిని మారేడుమిల్లి వరకు తీసికొనిపోవుదుననెను. తుపానులో నావికులు మిగిలినవారిని విడిచి పడవలో జారిపోవ జూచినప్పుడు, వీరు ఓడలో ఉంటేనే అందరు బ్రదుకుదురని పౌలు శతాధిపతితో చెప్పెను. గనుక ఎవరు పోవలెను, ఎవరు ఉండవలెను అనునది కోపములో తేల్చరాదు. బావమరిది వెళ్లుటకు నిశ్చయించితిమి. బండి పేరు, రాయి అంకె చీటీమీద వ్రాసి, తెగిన బెల్టును కూడ చేతికిచ్చితిమి. ముక్క చూపనిదే దుకాణమువారు సరియైన కొలత ఇయ్యలేరు.

ప్రొద్దు గ్రుంకినది. పులిహోర మూట జీపులోనే యున్నది గాని, బండి బాగుపడువరకు ఎవరును తినవలదని మేము అంటిమి. ఎందుకంటిమో ఇప్పటికిని మాకు తెలియదు. కోపముగానున్న మనుష్యుడు తన యింటివారిచేత కూడ ఉపవాసము చేయించును కాబోలు. మా తల్లికి షుగరు వ్యాధి. సాయంకాలపు మాత్ర అప్పటికే వేసికొనియుండెను. కొంతసేపటికి ఆమెకు చెమటలు పట్టి, మాట తడబడెను. మా భార్య మమ్మును అడుగలేదు. సంచిలోని పంచదార నీటిలో కలిపి త్రాగించి, మూట విప్పి ముందుగా ఆమెకు పెట్టి, తరువాత పిల్లలకు పెట్టి, మా చేతిలోను ఒక ఆకు పెట్టెను. 33 మొదలు 36 వరకు గల వచనములను మేము ఎన్నిసార్లు బోధించితిమో! ఓడ ఇంకను కొట్టుకొనుచుండగనే, పదునాలుగు దినములు సరిగా తినని ఆ 276 మందిని పౌలు బతిమాలి తినిపించెను. తీరము చేరిన తరువాత భోజనము చేయుదమని అనలేదు. కాసేపటికి మా తల్లి తేరుకొని, పిల్లలకు దుప్పటి కప్పుమని గద్దించెను. ఆ గద్దింపు మాకెంతో హాయిగా నుండెను.

గొడ్డలి భుజముమీద వేసికొని ఇంటికి పోవుచున్న కొండరెడ్డి ఒకరు మమ్మును చూచి ఆగిరి. చలికి నెగడు వేయబోగా వద్దనిరి. ఎండుటాకుల కాలము, ఒక నిప్పురవ్వ చాలుననిరి. బండి క్రింద నూనె చుక్కలున్నవి, అదియు మేము చూడలేదు. మెకానిక్కు వచ్చువరకు ఆయన మాతోనే కూర్చుండిరి. మెలితే ద్వీపవాసులు పౌలునకు చేసిన ఉపకారము 28వ అధ్యాయము మొదటనే యున్నది. వారు చలికి నిప్పు రాజవేసిరి, ఈయన వేయనియ్యలేదు. రెండును ఉపకారములే.

రాత్రి ఎనిమిది గంటలకు బావమరిది ఒక మెకానిక్కుతో మోటారు సైకిలుమీద వచ్చెను. క్రొత్త బెల్టు వేసి, నడుమ బొటనవ్రేలితో నొక్కిన సుమారు అర అంగుళము దిగునట్లు బిగించి, చల్లారిన రేడియేటరులో నీరు నింపిరి. మెకానిక్కు తెగిన ముక్కను దీపము వెలుగులో త్రిప్పి చూచి, "ఇది ఎప్పటినుంచో పగిలి ఉందండీ. ఎవరూ చెప్పలేదా?" అనెను.

అందరు మావైపు చూచిరి. అబద్ధమాడుటకు వీలున్నది. "నవంబరులోనే చెప్పారు" అంటిమి.

మా భార్య, "నాతో ఒక్కమాట అనవలసింది" అని మాత్రము అనెను. పౌలు కూడ 21వ వచనములో, నా మాట వినవలసియుండెనని ఒక్కసారి అని, వెంటనే ధైర్యము చెప్పుటకు దిగెను. రెండవసారి అన్నట్లు అధ్యాయములో ఎక్కడను లేదు.

బండి కదలినది. పిల్లలు కేరింతలు కొట్టిరి. రెండు మలుపులు దిగిన తరువాత మా భార్య, "ఏమండీ, చక్రాల వెనుక రాళ్లు తీశారా?" అని అడిగెను. తీయలేదు. కొమ్మలును తీయలేదు. మన రోడ్లమీద ఆగిన బండ్లవారు ఇట్లే రాళ్లను విడిచి పోవుదురు. చీకటిలో మోటారు సైకిలుమీద వచ్చువాడు వాటిమీద పడును. గ్రుడ్డివానియెదుట అడ్డము వేయరాదను ఆజ్ఞ లేవీయకాండము 19వ అధ్యాయములో నున్నది. రాత్రివేళ మలుపు తిరుగువాడు గ్రుడ్డివానితో సమానమే గదా.

బావమరిది బండి ఆపి, టార్చిలైటు తీసికొని దిగెను. మేమును దిగితిమి. "మీరు ఉండండి బావగారూ, చలి" అనెను. ఉండలేదు. ఇద్దరము పైకి నడచితిమి. మొదటి మలుపు దాటువరకు నోట మాట రాలేదు. రెండవదానిలో, "తప్పు నాది. అందరి ముందు నిన్నన్నాను, అందరి ముందే చెబుతాను" అంటిమి. అతడు, "పోనీయండి" అని దీపము ముందుకు వేసెను.

రాళ్లు రోడ్డుమీద, చక్రముల ఎడమునకు సరిగా, రెండు ప్రక్కల నున్నవి. చెరియొకటి ఎత్తి గట్టు అవతలికి వేసితిమి. కొమ్మలను లాగి కాలువలో పడవేసి, క్రిందికి దిగితిమి.