పాఠం 9: ఊపిరితిత్తుల నుంచి కణం దాకా - వాయువుల మార్పిడి, రవాణా

గాలి ఊపిరితిత్తుల్లోకి ఎలా వెళుతుందో, బయటికి ఎలా వస్తుందో గత పాఠంలో చదువుకున్నారు. ఛాతీ నిండా గాలి పీల్చుకుంటే పని అయిపోయినట్లే అని మనకు అనిపిస్తుంది. నిజానికి అసలు పని అప్పుడే మొదలవుతుంది. పీల్చిన ఆక్సిజన్ కాలి బొటనవేలిలోని కణం దాకా చేరాలి. అక్కడ తయారైన కార్బన్ డై ఆక్సైడ్ తిరిగి ఊపిరితిత్తులకు రావాలి. ఈ రాకపోకలు ఎలా జరుగుతాయో, ఎక్కడ ఆగితే ప్రాణం మీదికి వస్తుందో ఈ పాఠంలో తెలుసుకుంటారు.

9.1 చేసి చూడండి

తమలపాకుకు రాసే సున్నం ఒక చెంచాడు గ్లాసు నీళ్లలో కలిపి, రాత్రంతా కదపకుండా ఉంచండి. పొద్దున్నే పైనున్న తేటను మాత్రం మరో గ్లాసులోకి వంచండి. కూల్‌డ్రింకు తాగే గొట్టంతో ఆ తేటలోకి నెమ్మదిగా ఊదండి. పొరపాటున కూడా లోపలికి పీల్చకండి, కంట్లో పడనీయకండి. కాసేపటికి తేట పాలలా తెల్లబడుతుంది. మీరు వదిలిన గాలిలోని కార్బన్ డై ఆక్సైడే దీనికి కారణం.

పీల్చే గాలిలో కార్బన్ డై ఆక్సైడ్ 0.04 శాతం ఉంటే, వదిలే గాలిలో సుమారు 4 శాతం ఉంటుంది. ఆక్సిజన్ 21 శాతం నుంచి సుమారు 16 శాతానికి తగ్గుతుంది. వదిలే గాలిలో కూడా ఆక్సిజన్ ఇంకా చాలా ఉందని గమనించారా? ఊపిరి ఆగినవారి నోట్లోకి మన ఊపిరి ఊది బతికించగలగడం అందువల్లనే.

9.2 వాయుగోణుల వద్ద

శ్వాసనాళికలు చీలుతూ చీలుతూ చివరికి వాయుగోణులు అనే చిన్న చిన్న గాలి సంచులలో ముగుస్తాయి. రెండు ఊపిరితిత్తుల్లో కలిపి ఇవి 30 కోట్లకు పైగా ఉంటాయి. వాటన్నిటి గోడలనూ విప్పి పరిస్తే సుమారు 70 చదరపు మీటర్లు, అంటే ఒక చిన్న ఇంటి నేలంత అవుతుంది. ప్రతి వాయుగోణి చుట్టూ రక్తకేశనాళికలు వల లాగా అల్లుకొని ఉంటాయి. గాలికీ రక్తానికీ మధ్య ఉన్న పొర మందం మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా ఉండదు.

వాయువులు ఎక్కువ పీడనం ఉన్న చోటు నుంచి తక్కువ పీడనం ఉన్న చోటికి వాటంతట అవే వ్యాపిస్తాయి. దీనిని విసరణ అంటారు. వాయుగోణిలో ఆక్సిజన్ పీడనం సుమారు 104 మి.మీ. (పాదరస మట్టం), అక్కడికి వచ్చే రక్తంలో 40 మి.మీ. కనుక ఆక్సిజన్ రక్తంలోకి వెళుతుంది. కార్బన్ డై ఆక్సైడ్ పీడనం రక్తంలో 45, వాయుగోణిలో 40. కనుక అది బయటికి వస్తుంది. ఎర్ర రక్తకణం వాయుగోణి పక్కన ఉండేది ముప్పావు సెకను మాత్రమే. ఆరోగ్యవంతులలో అందులో మూడో వంతు సమయంలోనే ఆక్సిజన్ ఎక్కడం పూర్తవుతుంది.

9.3 నాలుగు సీట్ల బండి

ఆక్సిజన్ నీటిలో అంతగా కరగదు. 100 మి.లీ. రక్తంలో కరిగి ఉండేది 0.3 మి.లీ. మాత్రమే. అదే రక్తం మొత్తం మీద సుమారు 20 మి.లీ. ఆక్సిజన్ మోస్తుంది. మిగిలినదంతా ఎర్ర రక్తకణాలలోని హీమోగ్లోబిన్ మోస్తున్నదే. ఒక్కో హీమోగ్లోబిన్ అణువు నాలుగు సీట్ల బండి లాంటిది. ఒక్కో సీటుకు ఒక ఆక్సిజన్ అణువు. ఆక్సిజన్ పుష్కలంగా ఉన్న ఊపిరితిత్తుల్లో ఎక్కించుకుంటుంది, కొరతగా ఉన్న కణజాలాల్లో దించేస్తుంది. మీరు బరువు మోస్తున్నప్పుడు కండరం వేడెక్కి, అందులో ఆమ్లం పెరుగుతుంది. అప్పుడు హీమోగ్లోబిన్ అక్కడ మరింత ఆక్సిజన్‌ను వదులుతుంది.

తిరుగు ప్రయాణంలో కార్బన్ డై ఆక్సైడ్‌లో సుమారు 70 శాతం బైకార్బనేట్‌గా మారి వస్తుంది. కొంత హీమోగ్లోబిన్‌కు అంటుకొని, కొద్దిగా ప్లాస్మాలో కరిగి వస్తాయి.

రక్తహీనత ఉన్నవారిలో బండ్లే తక్కువ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15-49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. నాలుగు మెట్లు ఎక్కగానే ఆయాసం వస్తే ఊపిరితిత్తుల్లోనే లోపం ఉందనుకోనక్కర్లేదు. రక్తపరీక్ష కూడా చేయించుకోవాలి.

9.4 సీటు ఆక్రమించే వాయువు

చలికాలంలో తలుపులు మూసి, గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని పడుకున్నవారు తెల్లారేసరికి చనిపోయిన వార్తలు మీరు వినే ఉంటారు. గాలి చాలని చోట బొగ్గు మండితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. ఇది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా హీమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది. మిగిలిన సీట్లలోని ఆక్సిజన్‌ను కూడా సులభంగా దిగనీయదు.

దీనికి రంగు లేదు, వాసన లేదు. అంతకంటే ప్రమాదకరమైన సంగతి మరొకటి ఉంది. మన మెదడు ముఖ్యంగా రక్తంలోని కార్బన్ డై ఆక్సైడ్‌ను బట్టి శ్వాసను పెంచుతుంది. ఇక్కడ కార్బన్ డై ఆక్సైడ్ మామూలుగానే బయటికి పోతుంటుంది. రక్తంలో కరిగిన కొద్దిపాటి ఆక్సిజన్ కూడా తగ్గదు. అందువల్ల ఊపిరాడని బాధ తెలియదు. తలనొప్పి, వికారం, తల తిరగడం, మగత మాత్రమే ఉంటాయి. ఇంట్లో నలుగురికీ ఒకేసారి తలనొప్పి మొదలైతే అనుమానించండి. వేలికి తగిలించే ఆక్సిమీటరును నమ్మకండి. మామూలు ఆక్సిమీటరు ఏ వాయువు సీటులో కూర్చుందో తేడా కనిపెట్టలేక మంచి అంకెనే చూపించవచ్చు.

"పొగ పోయింది, నిప్పులే కదా" అని కుంపటిని లోపలికి తేవడం పెద్ద పొరపాటు. ఎర్రగా కణకణలాడే నిప్పుల నుంచి కూడా ఈ వాయువు వస్తుంది. మూసిన గదిలో జనరేటరు, గాలి ఆడని స్నానాలగదిలో గ్యాసు గీజరు కూడా ఇంత ప్రమాదకరమే. ఎవరైనా మగతగా పడి ఉంటే తలుపులు, కిటికీలు తెరిచి, వెంటనే బయటి గాలిలోకి తెచ్చి, 108కి ఫోన్ చేయండి. మామూలు గాలిలో ఈ వాయువు సగం వదలడానికి 4-5 గంటలు పడుతుంది. ఆసుపత్రిలో శుద్ధమైన ఆక్సిజన్ ఇస్తే సుమారు గంటన్నర లోపే సగం పోతుంది.

మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి

1. వాయుగోణుల్లో ఆక్సిజన్ రక్తంలోకి, కార్బన్ డై ఆక్సైడ్ గాలిలోకి ఏకకాలంలో ఎలా వెళ్లగలుగుతాయి?
2. రక్తహీనత ఉన్న వ్యక్తి ఊపిరితిత్తులు బాగానే ఉన్నా ఎందుకు ఆయాసపడతాడు?
3. ఈ రాత్రి మీ ఇంట్లో గాలి వచ్చిపోయే దారులు ఎన్ని ఉన్నాయో చూసి రాయండి.