ఎంత నిద్ర కావాలి?

వనవాసం చేసిన పద్నాలుగేళ్లూ లక్ష్మణుడు కన్నుమూయలేదని, ఆయన వంతు నిద్రను కూడా ఊర్మిళాదేవి అంతఃపురంలో తానే నిద్రించి తీర్చిందని మన పెద్దలు చెప్పుకొనేవారు. ‘ఊర్మిళాదేవి నిద్ర’ అనే స్త్రీల పాట తెలుగునాట ప్రసిద్ధమైనదే. ఈ కథలో శాస్త్రదృష్టితో చూడదగిన భావమొకటి ఉన్నది. నిద్రను ఎగవేయడం కుదరదు; ఆ బాకీని ఎవరో ఒకరు తీర్చవలసినదే. కథలో భార్య తీర్చింది. నిత్యజీవితంలో మాత్రం ఎవరి బాకీ వారే తీర్చుకోవాలి.

శరీరాన్ని నిలబెట్టే మూడు ఉపస్తంభాలుగా చరకసంహిత ఆహారాన్ని, నిద్రను, బ్రహ్మచర్యాన్ని పేర్కొన్నది. ఆహారం పట్ల మనం చూపే శ్రద్ధను నిద్ర పట్ల చూపము. అమెరికాలో స్థిరపడిన మన కుటుంబాలలో ఉద్యోగం, ప్రయాణం, పిల్లల చదువు, సంగీత నృత్యాల శిక్షణ మొదలైన వాటికి వేళలు కేటాయించగా మిగిలినదే నిద్రకు దక్కుతున్నది. ఆ మిగిలినది సరిపోతున్నదా అన్నదే ఇక్కడి ప్రశ్న.

నిద్రలో జరిగేదేమిటి?

నిద్ర అంటే మెదడు పని మాని ఊరకుండటమేనని చాలాకాలం భావించారు. 1924లో జర్మనీకి చెందిన హాన్స్ బెర్గర్ మానవ మస్తిష్కంలోని విద్యుత్తరంగాలను తొలిసారిగా నమోదు చేయడంతో, నిద్రిస్తున్న మెదడును పరిశీలించే మార్గం ఏర్పడింది. 1953లో షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన యూజీన్ అసెరిన్‌స్కీ, నథానియెల్ క్లైట్‌మన్ మరొక విశేషాన్ని వెల్లడించారు. నిద్రలో కొన్ని వేళల్లో మూసిన రెప్పల కింద కనుగుడ్లు వేగంగా కదలుతాయి. అప్పుడు లేపి అడిగితే చాలామంది కల కంటున్నామని చెబుతారు. ఈ దశకు ‘రెమ్’ నిద్ర అని పేరు. మనం స్వప్ననిద్ర అనుకోవచ్చు.

రాత్రి నిద్ర ఆద్యంతం ఒకే తీరున సాగదు. తేలిక నిద్ర, గాఢనిద్ర, స్వప్ననిద్ర కలిసిన ఒక ఆవృత్తం సుమారు 90 నిమిషాలకు పూర్తవుతుంది. రాత్రికి ఇటువంటివి నాలుగైదు నడుస్తాయి. తొలి ఆవృత్తాలలో గాఢనిద్ర ఎక్కువ. ఎదుగుదలకు కావలసిన హార్మోను అధికంగా స్రవించేది అప్పుడే. తెల్లవారుజామున స్వప్ననిద్ర ఎక్కువ. పగలు నేర్చినది జ్ఞాపకంగా స్థిరపడటానికి నిద్ర అవసరం. ఎనిమిది గంటల నిద్ర కావలసినవారు ఆరు గంటల నిద్రతోనే లేచిపోతే, అన్ని దశలూ సమంగా తగ్గవు. చివరి రెండు గంటల్లో రావలసిన స్వప్ననిద్రయే ఎక్కువగా నష్టమవుతుంది.

ఎవరికి ఎంత?

అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ అనే వైద్యసంస్థ 2015, 2016 సంవత్సరాలలో చేసిన సిఫారసుల ప్రకారం రోజుకు అవసరమైన నిద్ర ఇది. అయిదేళ్లలోపు వారికి పగటి కునుకులు కూడా ఈ లెక్కలో చేరుతాయి.

4 నుండి 12 నెలలు: 12–16 గంటలు
1–2 సంవత్సరాలు: 11–14 గంటలు
3–5 సంవత్సరాలు: 10–13 గంటలు
6–12 సంవత్సరాలు: 9–12 గంటలు
13–18 సంవత్సరాలు: 8–10 గంటలు
పెద్దలు: 7 గంటలు, అంతకు మించి

వృద్ధులకు నిద్ర అక్కరలేదన్న అభిప్రాయం సరికాదు. వారికీ ఏడెనిమిది గంటలు కావాలి. వయసుతో తగ్గేది ముఖ్యంగా ఏకబిగిన నిద్రపోగల శక్తి.

ఆరు గంటలతోనే హాయిగా ఉండేవారు లేరా? ఉన్నారు. అటువంటి ఒక కుటుంబంలో ‘డెక్2’ అనే జన్యువులో మార్పు ఉన్నట్లు 2009లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు ప్రకటించారు. అయితే అటువంటివారు బహు అరుదు. తామూ ఆ కోవకు చెందినవారమని నమ్మేవారే ఎక్కువ.

అలవాటు చేసుకోవచ్చునా?

ఈ నమ్మకాన్నే పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు పరీక్షించి 2003లో ఫలితాలను ప్రచురించారు. ఆరోగ్యవంతులైన 48 మంది ఈ ప్రయోగంలో పాల్గొన్నారు. కొందరిని పద్నాలుగు రోజులపాటు రాత్రికి ఎనిమిది గంటలు, కొందరిని ఆరు గంటలు, కొందరిని నాలుగు గంటలు మాత్రమే పడుకోనిచ్చారు. మరికొందరిని వరుసగా మూడు రాత్రులు మేలుకొలిపి ఉంచారు. అందరి ఏకాగ్రతను, జ్ఞాపకశక్తిని పదేపదే కొలిచారు.

ఆరు గంటలు, నాలుగు గంటలు పడుకొన్నవారి సామర్థ్యం రోజురోజుకూ దిగజారుతూనే వచ్చింది. రెండు వారాలు గడిచేసరికి వారిలోని లోపం ఒకటి రెండు రాత్రులు పూర్తిగా నిద్రలేనివారి స్థితికి చేరింది. ఇంతకంటే గమనించదగినది మరొకటి ఉన్నది. “మీకు ఎంత మత్తుగా ఉన్నది?” అని అడిగితే, తొలి కొద్దిరోజుల తరువాత వారు చెప్పిన సమాధానాలలో పెద్ద మార్పు లేదు. అనగా సామర్థ్యం తగ్గుతున్నది, కాని తగ్గుతున్నదన్న స్పృహ తగ్గేవారికి లేదు. “నాకు ఆరు గంటలు చాలు, అలవాటైపోయింది” అనే మాటను నమ్మడానికి వీలులేనిది ఇందుకే. అలవాటు పడేది శరీరం కాదు, మన అంచనా.

ఈ అంచనా తప్పితే ప్రాణాపాయం కలిగే చోటు రహదారి. వరుసగా 17 గంటలు మేలుకొని ఉన్నవారి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవారి చురుకుదనంతో సమానమని ఆస్ట్రేలియాలో జరిగిన పరిశోధన 1997లో తెలిపింది. 24 గంటలకు అది 0.10 శాతంతో సమానం. అమెరికాలో అత్యధిక రాష్ట్రాల చట్టపరిమితి 0.08 శాతమే. చుక్క ముట్టనివారు కూడా, ఉదయం ఆరింటికి లేచి, పగలంతా ఉత్సవాలలో తిరిగి, అర్ధరాత్రి కుటుంబంతో కారు నడిపేటప్పుడు ఈ లెక్కను గుర్తుంచుకోవాలి.

యువతీయువకుల గడియారం

నిద్రను నడిపేవి రెండు శక్తులు. మొదటిది మేలుకొన్న కొద్దీ పెరిగే నిద్రాభారం. మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకోవడం దీనికొక కారణం. కాఫీ ఈ పదార్థం పనిని అడ్డుకొంటుందే గాని దానిని తొలగించదు. తాగిన అయిదారు గంటలకు కూడా కెఫీన్‌లో దాదాపు సగం దేహంలోనే ఉంటుంది. రెండవది దేహంలోని గడియారం. ఇది వెలుగును బట్టి సర్దుకొంటుంది. ఈ గడియారాన్ని నడిపే జన్యువుల పనితీరును కనుగొన్నందుకు జెఫ్రీ హాల్, మైఖేల్ రోస్‌బాష్, మైఖేల్ యంగ్ గార్లకు 2017లో నోబెల్ బహుమానం లభించింది.

యౌవనారంభంలో ఈ గడియారం వెనుకకు జరుగుతుంది. ఒక్కొక్కరిలో రెండు గంటల వరకు. పదేళ్ల వయసులో తొమ్మిదింటికే కన్నుమూసిన బాలిక పదహారేళ్లకు పదకొండైనా నిద్ర రాదంటే అది సోమరితనమూ కాదు, ఎదురాడటమూ కాదు, దేహధర్మం. మన ఇళ్లలో బ్రాహ్మీముహూర్తంలో లేచి చదవడం గొప్ప అలవాటు. కాని పదకొండింటికి పడుకొన్న బిడ్డను అయిదింటికి లేపితే మిగిలేది ఆరు గంటలే. చదువు కోసం కోసివేసిన ఆ గంటలు, చదివినది నిలవడానికి కావలసినవే.

ఈ కారణం చేతనే మాధ్యమిక, ఉన్నత పాఠశాలలు ఉదయం 8:30 కంటే ముందు మొదలు కారాదని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2014లో కోరింది. కాలిఫోర్నియా 2019లో ఇందుకై చట్టం చేసి, 2022 జూలై నుండి అమలులోకి తెచ్చింది. గ్రామీణ పాఠశాలలకు మినహాయింపు ఉన్నది. తల్లిదండ్రులుగా తమ ఊరి పాఠశాల మండలిలో ఈ విషయం ప్రస్తావించే అవకాశం మనకూ ఉన్నది.

ఇంట్లో చేయదగినవి

తనకు ఎంత నిద్ర కావాలో తెలుసుకొనడానికి సులభమైన మార్గమొకటి ఉన్నది. సెలవులలో రెండు వారాలు ఒకే వేళకు పడుకొని, అలారం లేకుండా లేవండి. తొలిరోజులలో పాత బాకీ తీరుతుంది కనుక ఎక్కువ నిద్రపోతారు. తరువాత స్థిరపడే గంటలే మీ అవసరం.

సెలవుదినాలలో కూడా లేచే వేళను ఎక్కువగా మార్చకండి. మధ్యాహ్నం దాటాక కాఫీ, టీలు తగ్గించండి. పడకగదిలో చీకటి ఉండాలి. ఫోన్లు బయట ఉండాలి. భారతదేశంలోని ఆత్మీయులతో మాట్లాడటానికి మన రాత్రి వారికి ఉదయం కావడం సౌకర్యమే గాని, ఆ సంభాషణలకు ఒక హద్దు నిర్ణయించుకొంటే మంచిది. స్వదేశం నుండి వచ్చిన అమ్మమ్మ, తాతయ్యలు రాత్రి రెండింటికి లేచి కూర్చుంటే కంగారు పడవద్దు. దేహ గడియారం రోజుకు సుమారు ఒక గంట చొప్పున సర్దుకొంటుంది. పగటి వెలుగులో నడక, పగలు దీర్ఘనిద్ర మానడం వారికి తోడ్పడతాయి.

బిగ్గరగా గురకపెడుతూ మధ్యమధ్య ఊపిరి ఆగేవారు, ఎనిమిది గంటలు పడుకొన్నా పగలు తూలేవారు, వారాల తరబడి నిద్రపట్టనివారు తప్పక వైద్యుని సంప్రదించాలి. ఇవి చికిత్స గల వ్యాధులు.

ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు అన్నారు పెద్దలు. బాగా అలసినవానికి కటికనేలపైనా నిద్ర వస్తుంది. మనకు మెత్తని పరుపులున్నాయి, లేనివి గంటలే. వచ్చే సంవత్సరపు ప్రణాళికలు వేసుకొనేటప్పుడు ముందుగా నిద్రకు వేళ కేటాయించి, ఆ తరువాతనే మిగిలిన పనులను పంచుకొందాం.