సన్నని సెగ చేసే పని – బార్బెక్యూ కథ

పిల్లలూ! వానాకాలం సాయంత్రాలలో మొక్కజొన్న పొత్తులు కాల్చి అమ్మే బండిని మీరు చూసే ఉంటారు. కుంపటిలో బొగ్గులు, అమ్మేవారి చేతిలో విసనకర్ర. విసిరే కొద్దీ బొగ్గులు కణకణలాడతాయి. నాలుగైదు నిమిషాల్లో పొత్తు చేతికి వస్తుంది. వీధి చివర చీకులు కాల్చే బండి దగ్గరా ఇదే పద్ధతి. నిప్పు ఎక్కువ, సమయం తక్కువ.

దీనికి పూర్తిగా తలకిందులైన పద్ధతి ఇంకొకటి ఉంది. అందులో నిప్పు తక్కువ, సమయం ఎక్కువ. అమెరికా దక్షిణ రాష్ట్రాలలో పెద్ద పెద్ద మాంసపు ముక్కలను పది పన్నెండు గంటలసేపు పొగలో, సన్నని సెగ మీద ఉంచి వండుతారు. దానినే బార్బెక్యూ అంటారు. అంతసేపు ఎందుకు? మంట పెంచి గంటలో ముగించకూడదా? ఈ ప్రశ్నకు జవాబులో కొంత చరిత్ర, కొంత విజ్ఞానశాస్త్రం కలిసి ఉన్నాయి.

మంచె పేరు వంట పేరు అయింది

1492 లో కొలంబస్ కరీబియన్ దీవులకు చేరేనాటికి అక్కడ టైనో అనే ప్రజలు నివసిస్తూ ఉండేవారు. స్పెయిన్ వారు ఆ ప్రజల నుంచి ‘బార్బకోవా’ అనే మాట నేర్చుకున్నారు. కర్రలతో కట్టిన మంచె అని దాని అర్థం. ఆ మంచె కింద నిప్పు పెట్టి, పైన చేపలను, మాంసాన్ని పరిచేవారు. ఇంగ్లీషువారి నోట ఆ మాటే బార్బెక్యూ అయింది.

ఇలాంటి మంచెలు ఆ దీవులలోనే కాదు, ఉత్తర అమెరికా తీరంలో కూడా ఉండేవి. 1585 లో జాన్ వైట్ అనే ఇంగ్లీషు చిత్రకారుడు ఇప్పటి నార్త్ కరోలినా ప్రాంతానికి వెళ్ళాడు. అక్కడి ప్రజలు కర్రల మంచె మీద చేపలు కాలుస్తూ ఉంటే ఆ దృశ్యాన్ని రంగుల బొమ్మగా వేశాడు. 1590 లో ఆ బొమ్మ ఐరోపాలో అచ్చయింది.

మంచె ఎత్తుగా ఎందుకు కట్టేవారు? మంట మాంసానికి తగలకుండా, వేడిగాలీ పొగా మాత్రమే తగలాలని. పొగ తగిలిన మాంసం పైభాగం ఆరిపోతుంది. పొగలోని కొన్ని పదార్థాలు సూక్ష్మజీవులను పెరగనీయవు. అందువల్ల మాంసం త్వరగా చెడిపోదు.

రాత్రంతా మేలుకున్నవారు

అమెరికాలో మొదట పెంపుడు పందులు లేవు. ఐరోపావారే వాటిని తెచ్చారు. 1539 లో డి సోటో అనే స్పెయిన్ దేశస్థుడు ఫ్లోరిడాలో దిగినప్పుడు పందుల మందను కూడా వెంట తెచ్చాడు. తరువాతి కాలంలో దక్షిణాది అడవులలో పందులు బాగా పెరిగాయి. వలస వచ్చిన తెల్లవారు పెద్ద పెద్ద విందులు చేసుకునేవారు. 1769 లో అలెగ్జాండ్రియా పట్టణంలో జరిగిన బార్బెక్యూకు వెళ్ళినట్టు జార్జి వాషింగ్టన్ తన దినచర్యలో రాసుకున్నాడు. అప్పటికి ఆయన ఇంకా అధ్యక్షుడు కాలేదు.

ఆ విందులలో వండింది ఎవరు? చాలాచోట్ల ఆఫ్రికా నుంచి బలవంతంగా తెచ్చిన బానిసలూ, వారి సంతతివారూ. పొడవైన గొయ్యి తవ్వేవారు. హికరీ, ఓక్ వంటి గట్టి కట్టెలను పక్కన కాల్చి నిప్పులు చేసేవారు. ఆ నిప్పులను పారతో కొద్దికొద్దిగా గోతిలో వేస్తూ, పైన మాంసాన్ని తిప్పుతూ రాత్రంతా మేలుకుని ఉండేవారు. వారి దగ్గర థర్మామీటరు లేదు. చేతికి తగిలే సెగ, నిప్పుల మీద కొవ్వు చుక్క పడితే వచ్చే చప్పుడు – ఇవే వారి కొలతలు.

తాడు విడిపోతే

ఇప్పుడు మాంసంలోకి తొంగి చూద్దాం. కండరం సన్నని పోగుల కట్ట. ఆ పోగులను కట్టి ఉంచేది కొలాజెన్ అనే ప్రోటీను. కొలాజెన్ అణువు మూడు పేటలు వేసి పేనిన తాడులా ఉంటుంది. జంతువు ఎక్కువగా వాడే కాళ్ళు, రొమ్ము, భుజాల భాగాలలో కొలాజెన్ ఎక్కువ. అందుకే ఆ మాంసం నమలడానికి గట్టిగా ఉంటుంది.

మంట ఎక్కువ పెడితే ఏమవుతుంది? పైభాగం మాడిపోతుంది. కండ పోగులు ముడుచుకుని తమలోని నీటిని బయటకు పిండేస్తాయి. కొలాజెన్ తాడు మాత్రం విడిపోదు. మాంసం రబ్బరులా సాగుతుంది.

సన్నని సెగ మీద అలా కాదు. మాంసం లోపల ఉష్ణోగ్రత 70 డిగ్రీల సెంటీగ్రేడు దాటిన తరువాత కొలాజెన్ పేటలు నెమ్మదిగా విడిపోయి నీటిలో కరుగుతాయి. అలా ఏర్పడే మెత్తని పదార్థమే జెలటిన్. ఈ మార్పుకు గంటలు పడుతుంది. అందుకే గోతిలోని గాలి వేడిని సుమారు 110 – 120 డిగ్రీల వద్ద ఉంచి, మాంసం లోపల 90 – 95 డిగ్రీలు వచ్చేవరకు ఓపిక పడతారు. అప్పుడు గట్టి మాంసం కూడా వేలితో లాగితే విడివడుతుంది.

హైదరాబాదులో హలీమునూ, పాయానూ గంటల తరబడి ఉడికించేది ఇందుకే. పాయా చల్లారితే జెల్లీలా గడ్డకడుతుంది కదా! అది జెలటిన్ చేసే పనే.

ఆగిపోయిన ముల్లు

బార్బెక్యూ వండేవారిని చాలాకాలం కలవరపెట్టిన విషయం ఒకటుంది. మాంసం లోపల ఉష్ణోగ్రత మొదట చక్కగా పెరుగుతుంది. సుమారు 65 – 70 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. నిప్పు తగ్గదు. అయినా గంటల తరబడి థర్మామీటరు ముల్లు కదలదు! కొలాజెన్ కరగడానికే వేడి ఖర్చవుతోందని కొందరన్నారు. కొవ్వు కరగడానికని మరికొందరన్నారు.

గ్రెగ్ బ్లాండర్ అనే అమెరికన్ భౌతికశాస్త్రవేత్త దీనిని పరీక్షించి చూశాడు. నీటితో తడిపిన స్పాంజినీ, ఒక కొవ్వు ముద్దనీ ఒకే వేడిలో ఉంచాడు. కొవ్వు ఉష్ణోగ్రత ఎక్కడా ఆగకుండా పెరిగింది. స్పాంజి ఉష్ణోగ్రత మాత్రం మధ్యలో ఆగిపోయింది. స్పాంజిలో కొలాజెన్ లేదు, కొవ్వు లేదు. ఉన్నది నీరే!

కారణం ఇది: ఒక గ్రాము నీటిని 0 నుంచి 100 డిగ్రీలకు వేడిచేయడానికి 100 కేలరీలు చాలు. అదే గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 540 కేలరీలు కావాలి. మాంసం పైన ఊరే నీరు ఆవిరవుతూ నిప్పు ఇచ్చే వేడిని పట్టుకుపోతుంది. పైభాగం ఆరిన తరువాతే ఉష్ణోగ్రత మళ్ళీ పెరుగుతుంది. ఎండాకాలంలో మట్టి కుండలో నీరు చల్లబడేదీ, చెమట ఆరితే మనకు హాయిగా ఉండేదీ ఈ బాష్పీభవనం వల్లనే.

పొగ గురించి ఒక హెచ్చరిక కూడా. కట్టెలోని లిగ్నిన్ కాలినప్పుడు వచ్చే పదార్థాలు మంచి వాసననిస్తాయి. కాని కొవ్వు నిప్పుల మీద పడి కాలితే వచ్చే పొగలో బెంజోపైరీన్ వంటి హానికరమైన పదార్థాలుంటాయి. మాడిన భాగాలను తినకపోవడం మంచిది.

కూర్చోనివ్వని బల్ల

1865 లో అమెరికాలో బానిసత్వం రద్దయింది. నల్లజాతి వంటవారు తమ విద్యతో పట్టణాలకు చేరారు. హెన్రీ పెర్రీ అనే ఆయన 1908 లో కాన్సస్ సిటీలో బార్బెక్యూ అమ్మడం మొదలుపెట్టాడు. ఆ నగరపు బార్బెక్యూకు ఆద్యుడని ఆయనను నేటికీ చెప్పుకుంటారు. కరోలినాలలో పంది మాంసం, పుల్లని వెనిగర్. కాన్సస్ సిటీలో టమాటాతో చేసిన తియ్యని సాస్. టెక్సాస్‌లో జర్మన్, చెక్ కసాయివారి ప్రభావంతో గొడ్డు మాంసం – ఇలా ప్రాంతానికొక రుచి ఏర్పడింది.

కాని వండిన చేతులకు గౌరవం దక్కిందా? అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్‌లో ఆలీస్ బార్బెక్యూ అనే హోటలుండేది. అందులో 36 మంది పనివారు. వారిలో మూడింట రెండు వంతులు నల్లవారే. అయినా నల్లవారు లోపల కూర్చుని తినడానికి వీల్లేదు. పొట్లం కట్టించుకుని పోవలసిందే!

1964 జూలైలో పౌరహక్కుల చట్టం వచ్చి ఈ వివక్షను నిషేధించింది. హోటలు యజమానులు కోర్టుకు వెళ్ళారు. తమది ఊరిలోని చిన్న వ్యాపారమనీ, రాష్ట్రాల మధ్య వాణిజ్యంపై ఆధారపడిన ఆ చట్టం తమకు వర్తించదనీ వాదించారు. కాని ఆ హోటలు కొనే సరుకులో దాదాపు సగం ఇతర రాష్ట్రాల నుంచి వచ్చిన మాంసమే. 1964 డిసెంబరు 14న సుప్రీంకోర్టు న్యాయమూర్తులందరూ ఏకగ్రీవంగా చట్టం వర్తిస్తుందని తీర్పు చెప్పారు. అందరూ ఒకే చోట కూర్చుని తినే హక్కు నిలిచింది.

మన రాజ్యాంగంలోని 15వ అధికరణం కూడా కులమతాల పేరుతో ఎవరినీ హోటళ్ళలోకి రాకుండా ఆపరాదని చెబుతుంది. ఎందుకు అలా రాయవలసి వచ్చిందో మీ ఉపాధ్యాయులను అడగండి.

చేసి చూడండి

మీ బడి ప్రయోగశాలలో రెండు థర్మామీటర్లు తీసుకోండి. ఒకదాని బల్బుకు తడి నూలుగుడ్డ చుట్టండి. రెండింటినీ గాలి తగిలే చోట వేలాడదీసి, ఐదు నిమిషాలకొకసారి కొలతలు రాయండి. తడిగుడ్డ చుట్టినది ఎంత తక్కువ చూపుతోంది? గుడ్డ పూర్తిగా ఆరిన తరువాత ఏమైంది? రాత్రంతా గోతి దగ్గర మేలుకున్న వంటవారిని నిలబెట్టి ఆలోచింపజేసిన సంగతి మీ పుస్తకంలో అంకెలుగా కనిపిస్తుంది.